నడకలో కాలి బొబ్బలు: విశాఖ కొండదారుల్లోనూ గిరి ప్రదక్షిణలోనూ నడిచేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో కొండ ఎక్కాలనుకునేవారు దూరాభారం పోవలసిన పని లేదు. కంబాలకొండ అడవి దారులు, సింహాచలం మెట్లు, యారాడ కొండ, తొట్లకొండ అన్నీ దగ్గరలోనే ఉన్నాయి. ఇంకొంచెం ఓపిక ఉన్నవారు అనంతగిరి కొండలకు, కటికి జలపాతానికి, పాడేరు దగ్గరి వంజంగికి వెళతారు. ఆషాఢ పౌర్ణమి వచ్చిందంటే లక్షలాది మంది సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. ఈ నడకలన్నిటిలోనూ పదేపదే ఎదురయ్యే బాధ కాలి బొబ్బ. చిన్నదే కదా అని పట్టించుకోకుండా నడిచినప్పుడు అదే పుండుగా మారి, వారాల తరబడి మనిషిని కూర్చోబెడుతుంది. నడక బృందాలలో ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాము. ఇవి ప్రథమ చికిత్స వరకే పరిమితం. మధుమేహం ఉన్నవారు మిగతావన్నీ వదిలి, ముందుగా వారికోసం రాసిన సమాధానాన్ని చదవాలని కోరుతున్నాము.

అసలు బొబ్బ ఎందుకు వస్తుంది?

బూటు పైపైన ఒరుసుకోవడం వల్ల బొబ్బ వస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు పని లోపల జరుగుతుంది. అడుగు వేసినప్పుడు పాదంలోని ఎముక ముందుకూ వెనక్కూ కదులుతుంది, కానీ పైచర్మం సాక్సుకు అతుక్కుని ఉన్నచోటనే ఉండిపోతుంది. ఈ రెండింటి మధ్యనున్న చర్మపు పొరలు ప్రతి అడుగుకూ సాగుతూ, వేల అడుగుల తరువాత ఒకచోట తెగిపోతాయి. తెగిన ఖాళీలోకి చుట్టుపక్కల కణజాలం నుంచి నీరు చేరుతుంది. అరికాలు, మడమల మీద పైచర్మం మందంగా ఉంటుంది కాబట్టి అది చిరగకుండా పైకి పొంగుతుంది. చర్మం పలుచగా ఉండే చోట అదే రాపిడికి బొబ్బ రాకుండా నేరుగా గీరుకుపోతుంది.

ఇందులో తేమ పాత్ర చాలా పెద్దది. బాగా పొడిగా ఉన్న చర్మం జారుతుంది, పూర్తిగా తడిసిన చర్మమూ కొంతవరకు జారుతుంది, కానీ చెమటతో చెమ్మగిల్లిన చర్మం మాత్రం సాక్సును గట్టిగా పట్టుకుంటుంది. సముద్రపు గాలిలో చెమట ఆరని మన ఊరిలో, ముఖ్యంగా వేసవి చివరి నుంచి వానలు తగ్గేదాకా, నడిచేవారి పాదాలు గంటల తరబడి ఆ చెమ్మగిల్లిన స్థితిలోనే ఉంటాయి.

నడుస్తుండగా ఒకచోట మంట మొదలైంది కానీ బొబ్బ ఇంకా రాలేదు. ఆగాలా?

వెంటనే ఆగాలి. ఈ పేజీలో ఒక్క సమాధానమే గుర్తుంచుకోగలిగితే దీనినే గుర్తుంచుకోవాలి. మంట మొదలైనప్పటికీ బొబ్బ పొంగినప్పటికీ మధ్య ఉండే వ్యవధి కొద్దిసేపే అయినా, ఆ సమయంలో పది నిమిషాలు ఆగినవారికి చాలాసార్లు బొబ్బ రానే రాదు. తోటివారు ముందుకు వెళ్లిపోతున్నారన్న మొహమాటంతో చాలామంది ఆ మంటను ఓర్చుకుంటూ నడుస్తారు. బృందాన్ని నడిపించేవారు బయలుదేరే ముందే, "కాలు మండితే చెప్పండి, అందరం ఆగుదాం" అని స్పష్టంగా చెప్పడం ఎంతో అవసరం.

ఆగిన తరువాత బూటు, సాక్సు రెండూ విప్పి, లోపల ఇసుక రేణువు, గడ్డి గింజ, సాక్సు మడత వంటివి ఏమైనా ఉన్నాయేమో చూడాలి. పాదాన్ని తుడిచి, గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. ఎర్రబడిన చోటును మించి అన్ని వైపులా వేలెడు వెడల్పు అదనంగా వచ్చేలా, మందుల దుకాణంలో దొరికే జిగురు టేపును ముడతలు లేకుండా అతికించాలి. టేపు మూలలను కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తే అవి సాక్సుకు తగిలి లేవవు. సాక్సు చెమటకు తడిసి ఉంటే పొడిది మార్చుకోవాలి, లేకపోతే కనీసం కుడి ఎడమలు మార్చి వేసుకోవాలి. మడమ దగ్గర మంట పుడితే లేసు మళ్లీ బిగించాలి. మడమ బూటులో పైకీ కిందికీ ఆడినంతకాలం టేపు వేసినా ప్రయోజనం తక్కువే.

బొబ్బ పొంగింది. చిదమాలా, అలాగే వదిలేయాలా?

చిన్నదై, నొప్పి లేకుండా, బూటు తగలని చోట ఉంటే ముట్టుకోవద్దు. బొబ్బ మీది చర్మం కంటే మంచి కట్టు ఏ మందుల దుకాణంలోనూ దొరకదు. అది ఉన్నంతవరకు లోపలి పచ్చి చర్మానికి మట్టి, సూక్ష్మక్రిములు చేరవు. మందపాటి మెత్తటి పట్టీని గారెలా గుండ్రంగా కత్తిరించి, మధ్యలోని చిల్లులో బొబ్బ ఉండేటట్లు అమర్చి, పైన టేపు వేస్తే ఒత్తిడి చుట్టుపక్కలకు పోతుంది.

బొబ్బ పెద్దదై, బిగుసుకుని, అడుగు వేస్తే ప్రాణం లాగుతున్నట్లుంటే, పైగా ఇంకా చాలా దూరం నడవక తప్పని పరిస్థితి ఉంటే, నీరు తీసివేయడమే మేలు. అలాంటి బొబ్బ బూటులో ఎలాగూ చితుకుతుంది. మురికి సాక్సులో తనంతట తాను చిరిగేకంటే, శుభ్రమైన సూదితో మనం చేసిన చిన్న రంధ్రమే సురక్షితం. ఇంటికి చేరడానికి అరగంట నడక మాత్రమే మిగిలి ఉంటే ఓర్చుకుని వెళ్లి, ఇంటి దగ్గర సబ్బు, నీళ్లు అందుబాటులో ఉన్నప్పుడు ఆ పని చేసుకోవాలి.

నీరు తీసే సరైన పద్ధతి ఏమిటి?

ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోవాలి, దారిలో అయితే శానిటైజర్ వాడాలి. బొబ్బనూ దాని చుట్టూ ఉన్న చర్మాన్నీ తాగునీటితో కడిగి, ఆరిన తరువాత పోవిడోన్ అయోడిన్ ద్రావణం రాయాలి. బెటాడిన్ పేరుతో దొరికేది ఇదే. సూది కోసం మందుల దుకాణంలో కొన్ని రూపాయలకే దొరికే, సీలు విప్పని ఇంజెక్షన్ సూదిని సంచిలో ఉంచుకోవడం ఉత్తమం. అది లేనప్పుడు మామూలు సూదిని స్పిరిట్‌తో బాగా తుడిచి వాడవచ్చు. అగ్గిపుల్ల మంటలో కాల్చిన సూదికి మసి అంటుకుంటుంది, ఆ మసి బొబ్బలోకి పోతుంది. చీరకో చొక్కాకో పెట్టుకున్న పిన్నీసును తీసి గుచ్చడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

బొబ్బ మధ్యలో గుచ్చవద్దు. అంచు దగ్గర, నీరు కిందికి జారిపోయే వైపున, సూదిని చర్మానికి దాదాపు సమాంతరంగా పట్టుకుని రెండు మూడు చిన్న రంధ్రాలు చేయాలి. శుభ్రమైన గాజ్ గుడ్డతో నెమ్మదిగా అదిమితే నీరు బయటికి వస్తుంది. పైచర్మాన్ని ఒలిచివేయకుండా కింది చర్మం మీద చదునుగా పరచాలి. ఒకే రంధ్రం చేస్తే అది త్వరగా మూసుకుపోయి, కొన్ని గంటల్లో బొబ్బ మళ్లీ నిండుతుంది. మొదటి రోజున రెండు మూడుసార్లు నీరు తీయవలసి రావడం సహజమే కాబట్టి కంగారు పడనక్కరలేదు.

ఆ తరువాత యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ గానీ వాజిలీన్ గానీ పలుచగా రాసి, గాజ్ గుడ్డ పెట్టి, దాని మీదుగా టేపు వేయాలి. టేపు జిగురు బొబ్బ చర్మానికి నేరుగా అంటుకుంటే, రాత్రి టేపు తీసేటప్పుడు చర్మం కూడా దానితోపాటు ఊడివస్తుంది. వాడిన సూదిని అడవి దారిలో పారవేయకుండా ఖాళీ సీసాలో వేసి మూతపెట్టి ఇంటికి తేవాలి. ఆ దారుల్లో ఉత్తికాళ్లతో తిరిగేవారు ఉన్నారు.

బొబ్బ చితికి పైచర్మం ఊడిపోయింది. ఇప్పుడేం చేయాలి?

అది ఇక తెరుచుకున్న పుండుతో సమానం. తాగునీటిని ధారగా పోసి మట్టి పోయేలా కడగాలి. జలపాతం దగ్గరి నీళ్లు ఎంత తేటగా కనిపించినా పుండును వాటితో కడగవద్దు, ఎందుకంటే పైన ఎక్కడ పశువులు దిగాయో మనకు కనిపించదు. వేలాడుతున్న చర్మం శుభ్రంగా ఉంటే వెనక్కి పరచాలి. మట్టి పట్టి నలిగిపోయిన ముక్కలను మాత్రమే చిన్న కత్తెరతో తీసివేయాలి. తరువాత ఆయింట్‌మెంట్ రాసి, పుండుకు అతుక్కోని డ్రెస్సింగ్ వేయాలి. హైడ్రోకొల్లాయిడ్ పట్టీలు దొరికితే ఈ స్థితిలో అవి చాలా బాగా పనిచేస్తాయి. అవి పుండు నుంచి ఊరే నీటిని పీల్చుకుని మెత్తటి జిగురులా మారి, రెండు మూడు రోజులు అలాగే ఉంటాయి. చీము పట్టిన పుండు మీద మాత్రం వాటిని వేయకూడదు.

బొబ్బలో నీటికి బదులు రక్తం ఉంటే?

చర్మం లోపలి పొరలోని సన్నని రక్తనాళాలు కూడా దెబ్బతిన్నాయని అర్థం. దీనిని గుచ్చవద్దు. పైన ఒత్తిడి పడకుండా పట్టీ కట్టి, అదే తగ్గేదాకా కాపాడాలి.

సూదికి దారం ఎక్కించి బొబ్బలో నుంచి తీసి, దారాన్ని అలాగే వదిలేయమని పెద్దలు చెబుతారు. అది మంచిదేనా?

నీరు బయటికి కారుతూ ఉండాలన్న ఆలోచన సరైనదే, అందుకు ఎంచుకున్న మార్గమే ప్రమాదకరం. దారం చెమటనూ మట్టినీ పీల్చుకుని, వాటితోపాటు సూక్ష్మక్రిములను పచ్చి చర్మం మీదికి చేరవేస్తుంది. అంచున రెండు మూడు రంధ్రాలు చేస్తే ఆ పనే శుభ్రంగా జరుగుతుంది.

పసుపు, కొబ్బరినూనె, టూత్‌పేస్ట్ రాయవచ్చా?

టూత్‌పేస్ట్ వద్దు, సున్నం అసలే వద్దు. రెండూ పచ్చి చర్మాన్ని మండిస్తాయి. వంటింటి పసుపుపొడి సూక్ష్మక్రిములు లేనిదన్న భరోసా లేదు కాబట్టి తెరుచుకున్న పుండులో చల్లకూడదు. పైగా ఆ రంగులో చుట్టూ పాకే ఎరుపు కనిపించక, చీము పట్టిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. కొబ్బరినూనె గానీ వాజిలీన్ గానీ నడకకు ముందు రాసుకుంటే కొంతసేపు రాపిడి తగ్గుతుంది. కానీ ఆ గుణం గంటలకొద్దీ నిలవదు, తరువాత చర్మం మెత్తబడి రాపిడి మొదటికంటే పెరగవచ్చు. జిడ్డు రాసిన కాలికి టేపు కూడా అంటుకోదు. అందువల్ల నూనెనో టేపునో ఏదో ఒకటే ఎంచుకోవాలి, నూనె ఎంచుకున్నవారు దారిలో మళ్లీ మళ్లీ రాసుకోవాలి.

గిరి ప్రదక్షిణలో చెప్పులు లేకుండా నడుస్తాము. బొబ్బలు రాకుండా ఏం చేయాలి?

తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరినది మొదలు అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం మీదుగా మళ్లీ సింహాచలం చేరేదాకా దాదాపు దారంతా తారురోడ్డూ సిమెంటురోడ్డే. కొండదారిలో కాలికింద నేల మారుతూ ఉంటుంది కాబట్టి ఒత్తిడి పాదమంతటా పంచుకుంటుంది. చదునైన రోడ్డు మీద అలా కాదు, ప్రతి అడుగూ ఒకే చోట పడుతుంది. అందుకే ఈ నడకలో ఎక్కువగా వేళ్ల మొదళ్ల కింద, అరికాలి ముందుభాగంలో బొబ్బలు లేస్తాయి.

రోజూ చెప్పులతో తిరిగి, ఆ ఒక్కరోజు ఉత్తికాళ్లతో 32 కిలోమీటర్లు నడవాలని మొక్కుకున్నవారు కనీసం నెలరోజుల ముందు నుంచి పాదాలను అలవాటు చేయాలి. మొదట ఇంటి మేడ మీదో వీధిలోనో కొద్దిసేపు, తరువాత వారం వారం కొంచెం కొంచెంగా దూరం పెంచుతూ నడిస్తే అరికాలి చర్మం క్రమంగా గట్టిపడుతుంది. ముందురోజు మడమల పగుళ్లనూ గట్టిపడిన కాయలనూ గీకించుకోవడం మంచిది కాదు, అలా చేస్తే పలుచబడిన చర్మమే మొదట దెబ్బతింటుంది.

మధ్యాహ్నం బయలుదేరేవారికి మరో ప్రమాదం ఉంది. ఎండకు కాలిన తారురోడ్డు మీద వచ్చిన బొబ్బ రాపిడి బొబ్బ కాదు, అది కాలిన గాయం. దానిని గుచ్చకూడదు. వీలైనంత త్వరగా నీడకు చేరి, మామూలు చల్లటి నీటి ధార కింద 20 నిమిషాలు పాదం ఉంచాలి. ఐసు ముక్కలు నేరుగా పెట్టకూడదు. వీలున్నవారు ఎండ తగ్గిన తరువాత బయలుదేరి రాత్రి నడవడం మేలని మా అభిప్రాయం, అయితే అప్పుడు గాజుపెంకులు, మేకులు కనిపించక గుచ్చుకునే అవకాశం ఉంటుంది కాబట్టి చిన్న టార్చి దగ్గర ఉంచుకోవాలి.

వాన పడితే పాదాలు నానిపోయి, తెల్లగా ముడతలు పడతాయి. అలా నానిన చర్మం ఏ చిన్న రాపిడికైనా ఊడిపోతుంది. గంటకో గంటన్నరకో ఒకసారి కూర్చుని, పొడి తువాలుతో వేళ్ల సందులతో సహా తుడుచుకుని, పాదాలను కాసేపు ఎత్తులో ఉంచి ఆరనివ్వాలి. దారి పొడవునా ఏర్పాటయ్యే వైద్య శిబిరాలను దాటుకుంటూ పోకుండా, మంట మొదలైనప్పుడే అక్కడ ఆగి కట్టు కట్టించుకోవాలి. ఉత్తికాలికి వేసిన టేపు రోడ్డు మీద త్వరగా ఊడుతుంది కనుక గాజ్ బ్యాండేజీని పాదం చుట్టూ తిప్పి చీలమండ దగ్గర ముడివేయడం మెరుగు.

మొక్కు విషయంలో ఒక మాట చెప్పాలి. ఆరోగ్యం సహకరించనివారు నడిచే దూరం గురించి, చెప్పుల గురించి ముందుగానే ఇంట్లో పెద్దలతో మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. సగం దారిలో, పాదాలు పుండ్లు పడిన తరువాత, ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరికైనా కష్టం.

మధుమేహం ఉంది. ఈ సూచనలన్నీ నాకు వర్తిస్తాయా?

వర్తించవు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి మంట తెలియదు కాబట్టి, బొబ్బ వచ్చి, చితికి, పుండైన తరువాత కూడా వారు నడుస్తూనే ఉంటారు. రక్తప్రసరణ తగ్గి ఉంటే ఆ పుండు మానడం చాలా ఆలస్యమవుతుంది, అశ్రద్ధ చేస్తే వేలో పాదమో తీసివేయవలసిన పరిస్థితి రావచ్చు. కాబట్టి ఉత్తికాళ్లతో నడవకూడదు, బొబ్బను సొంతంగా గుచ్చకూడదు, ఆనెకాయలకు అతికించే మందుపట్టీలు వాడకూడదు. నడకలో గంటకోసారి బూట్లు విప్పి పాదాలను కంటితో చూసుకోవాలి. అరికాలు కనిపించకపోతే చిన్న అద్దం వాడాలి, లేదా తోడు వచ్చినవారిని చూడమనాలి. బొబ్బ ఎంత చిన్నదైనా అదే రోజు, లేదంటే మరునాడే, వైద్యులకు చూపించాలి. కాళ్లలో రక్తప్రసరణ లోపం ఉన్నవారికీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికీ ఇదే వర్తిస్తుంది.

బొబ్బకు చీము పట్టిందని ఎలా తెలుస్తుంది? ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి?

మామూలు బొబ్బలోని నీరు తేటగా ఉంటుంది, నొప్పి రోజురోజుకూ తగ్గుతుంది. నీరు చిక్కబడి పసుపుగానో పచ్చగానో మారినా, దుర్వాసన వచ్చినా, నొప్పి తగ్గవలసింది పోయి రాత్రిళ్లు సలుపుతున్నా, చుట్టూ ఎరుపు, వాపు, వేడి పెరుగుతున్నా వైద్యులను కలవాలి. ఎరుపు ఎంతవరకు ఉందో పెన్నుతో గీత గీసి ఉంచితే, కొన్ని గంటల తరువాత అది గీత దాటిందో లేదో తెలుస్తుంది. పాదం నుంచి పైకి ఎర్రటి చార పాకడం, గజ్జల్లో బిళ్ల కట్టడం, చలిజ్వరం రావడం వంటివి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. నగరంలో ఉన్నవారికి కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రులు అందుబాటులో ఉన్నాయి. వంజంగి, అనంతగిరి వంటి చోట్ల ఉన్నవారు, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా పరిధిలోని ఈ కొండల్లో ఫోను సిగ్నలు అన్నిచోట్లా అందదని గుర్తుంచుకుని, కాలు కదిపే ఓపిక ఉండగానే రోడ్డు దగ్గరికి చేరి 108కి ఫోన్ చేయాలి.

మట్టి తగిలిన పుండు అయితే ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నదీ వైద్యులకు చెప్పాలి. అయిదేళ్లు దాటి ఉంటే సాధారణంగా మళ్లీ వేస్తారు.

ఎలాంటి సాక్సులు, బూట్లు మేలు?

నూలు సాక్సులు చెమటను పీల్చి తమలోనే ఉంచుకుంటాయి కాబట్టి దూర నడకకు పనికిరావు. చెమటను బయటికి పంపే పాలియెస్టర్ లేదా మెరినో ఉన్ని కలిసినవి తీసుకోవాలి. పలుచటి జత మీద మందపాటి జత వేసుకుంటే రాపిడి చర్మానికీ సాక్సుకూ మధ్య కాకుండా ఆ రెండు సాక్సుల మధ్య జరుగుతుంది. వేళ్ల మధ్య బొబ్బలు వచ్చేవారికి, ఒక్కో వేలికీ విడిగా తొడుగు ఉండే సాక్సులు ఉపయోగపడతాయి.

బూట్లను సాయంత్రం పూట, నడకలో వేసుకోబోయే సాక్సులతోనే వేసుకుని చూసి కొనాలి, ఎందుకంటే రోజు గడిచేకొద్దీ పాదం కొంత ఉబ్బుతుంది. పొడవైన వేలికీ బూటు కొనకూ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ మాత్రం కదలకూడదు. కొత్త బూట్లతో తొలి నడకగా కొండ ఎక్కవద్దు. రెండు మూడు వారాలు బీచ్ రోడ్డు మీదో ఇంటి చుట్టుపక్కలో వాటితో తిరిగిన తరువాతనే కంబాలకొండ వైపు వెళ్లాలి. దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు బూటుకు గుద్దుకుంటాయి కాబట్టి దిగడానికి ముందు లేసులు చీలమండ దగ్గర మళ్లీ బిగించి కట్టాలి.

బొబ్బ రాకముందే టేపు వేసుకుని బయలుదేరడం వల్ల ఉపయోగం ఉందా?

ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుల తరబడి సాగే దూర పరుగులో పాల్గొన్నవారి పాదాలకు ముందుగా కాగితపు టేపు వేసి చూశారు. టేపు వేసిన చోట్ల బొబ్బలు దాదాపు 40 శాతం తగ్గాయి. వారు వాడినది ఖరీదైన వస్తువు కాదు. మన మందుల దుకాణాల్లో మైక్రోపోర్ పేరుతో దొరికే తెల్లటి టేపు లాంటిదే. దీని జిగురు మెత్తనిది, తీసేటప్పుడు చర్మం లేవదు. చెమట ఎక్కువ పట్టేవారికి అది ఊడవచ్చు కాబట్టి పొడి పాదం మీద ఒకే వరుసగా వేసి, అరచేత్తో కాసేపు అదిమి పట్టాలి. ప్రతిసారీ ఒకేచోట బొబ్బ వచ్చేవారు ఈ అలవాటు చేసుకోవాలని గట్టిగా సూచిస్తున్నాము.

ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు తీరం వెంట నడుస్తాము. ఇసుకలో ప్రత్యేక జాగ్రత్తలు ఉన్నాయా?

సాక్సులోకి చేరిన తడి ఇసుక చర్మాన్ని ఉప్పుకాగితంలా గీరుతుంది. నీళ్లలో దిగాలనుకుంటే బూట్లు విప్పి దిగాలి, తిరిగి వేసుకునే ముందు మంచినీటితో ఉప్పునూ ఇసుకనూ కడిగి ఆరబెట్టుకోవాలి. ఉప్పునీరు పుండును మాన్పుతుందని నమ్మి, చితికిన బొబ్బతో సముద్రంలో దిగేవారు ఉన్నారు. వెచ్చని తీరజలాల్లో తెరిచిన గాయం ద్వారా ప్రవేశించి తీవ్రమైన వ్యాధి కలిగించే సూక్ష్మక్రిములు ఉండవచ్చు. కాలేయ వ్యాధి, మధుమేహం ఉన్నవారికి అవి మరింత ప్రమాదకరం.

సంచిలో ఏమేమి పెట్టుకోవాలి?

కాగితపు టేపు, గట్టిగా అంటుకునే మరో టేపు, చిన్న కత్తెర, గాజ్ గుడ్డలు, సీలు విప్పని సూదులు రెండు, బెటాడిన్ చిన్న సీసా, ఆయింట్‌మెంట్, పొడి సాక్సుల జత. ఇవన్నీ కలిపి గుప్పెడు సంచిలో ఇముడుతాయి. వానాకాలంలో జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవాలి, తడిసిన టేపు ఎందుకూ పనికిరాదు.

బొబ్బ వచ్చిన తరువాత మళ్లీ ఎప్పటి నుంచి నడవవచ్చు?

పైచర్మం ఊడకుండా ఉంటే, కింద కొత్త చర్మం ఏర్పడడం ఒకటి రెండు రోజుల్లోనే మొదలై, దాదాపు అయిదు రోజులకు పైపొర కడుతుంది. అయితే ఆ పొర పలుచగా, గులాబీ రంగులో ఉంటుంది. తాకితే నొప్పి లేకుండా, వేలితో రుద్దినా మంట పుట్టకుండా ఉన్నప్పుడు, ఆ చోట టేపు వేసుకుని ముందుగా ఇంటి దగ్గర చిన్న నడకలు నడవాలి. పైచర్మం ఊడి పుండైనవారికి రెండు వారాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పడుతుంది. ఎండిన పాత చర్మం అంచులు సాక్సుకు తగులుకుంటుంటే లాగవద్దు, కత్తెరతో అంచు వరకే కత్తిరించాలి.